ఏడో నంబర్ ట్రిప్పు

ఆ ఇంట్లోకి కొత్త ప్లాస్టిక్ కవర్ రావడానికి వీల్లేదు. ఆ నియమం పెట్టింది తాతయ్య. ముప్పై రెండేళ్లు సిటీ బస్సులో కండక్టరుగా నిలబడ్డ మనిషి కాబట్టి, గుమ్మంలో చేయి అడ్డం పెట్టి ఎవరిని రానివ్వాలో ఎవరిని దించెయ్యాలో ఆయనకు ఒకరు నేర్పక్కర్లేదు. ఓసారి అల్లుడు, గోడలకు రంగులేసే పని ముగించుకుని వస్తూ వస్తూ ఉల్లిపాయలు కొత్త కవర్లో వేయించుకొచ్చాడు. తాతయ్య గడప దాటనివ్వలేదు. ఉల్లిపాయలు తువ్వాల్లో పోయించుకుని, "నువ్వు లోపలికి రా అల్లుడూ. దానికి మాత్రం టికెట్ లేదు," అన్నాడు. పొద్దుటి నుంచి నిచ్చెన మీద నిలబడి నిలబడి పీకుతున్న కాళ్లతో అల్లుడు మళ్లీ వీధి చివరి దాకా నడిచి, ఆ కవర్ దుకాణంలో ఇచ్చేసి వచ్చాడు. వచ్చాక పెళ్లాంతో, మీ నాన్న నన్నైనా దించేస్తాడు గాని కవర్ని మాత్రం ఎక్కించుకోడని గొణిగి ఊరుకున్నాడు.

ఇదంతా రెండేళ్ల కిందటి వానతో మొదలైంది. వీధి కాలువ పొంగి నీళ్లు వంటగదిలోకి వచ్చేశాయి. మంచం కింద పెట్టెల్లో బట్టలు, మనవరాలి పుస్తకాలు నానిపోయాయి. మర్నాడు కాలువ బాగుచేసేవాళ్లు వచ్చి పొడుగాటి ఇనప కొక్కెంతో లాగితే నల్లటి ముద్దలు ముద్దలుగా కవర్లు బయటపడ్డాయి. వీధివాళ్లంతా చుట్టూ చేరి, ఎవడో బుద్ధిలేనివాడు పారేశాడని తిట్టిపోస్తుంటే తాతయ్య అందరికంటే గట్టిగా గొంతు కలిపాడు. అంతలో ఒక ముద్ద విచ్చుకుంది. ఆ కవర్ నిండా ఆకుపచ్చ రంగు చుక్కలు. కిందటి నెల అల్లుడు ఎవరింటికో వేసిన రంగు అది. అతను బ్రష్షులు చుట్టి తెచ్చుకున్న కవరే. పక్కన మనవరాలు నిలబడి ఉంది కాబట్టి ఆమె ఒక్కతే చూసింది, తాతయ్య గొంతు సగం తిట్టులో ఆగిపోవడం.

ఇంటికొచ్చాక ఆయన ఇల్లంతా వెతికాడు. మంచాల కింద, డబ్బాల వెనక, అటక మీద, పరుపు కింద దొరికిన కవర్లన్నీ తెచ్చి నేల మీద కుప్ప పోశాడు. చిరిగి పీలికలైనవి పోగా పదిహేడు మిగిలాయి. ఇక ఈ ఇంటికి ఈ పదిహేడే, అన్నాడు.

పదిహేడింటికీ చెరగని నల్ల ఇంకు పెన్నుతో నంబర్లు పడ్డాయి. తలుపు వెనక పదిహేడు మేకులు పడ్డాయి. తాతయ్య పాత అలవాటు కొద్దీ ఒక నోటుపుస్తకానికి గళ్లు గీసి ట్రిప్ షీట్ తయారుచేశాడు. ఏ నంబర్ ఎక్కడికి వెళ్లింది, ఏం తెచ్చింది, ఎప్పుడు తిరిగొచ్చింది అన్నీ అందులో ఉండాలి. వెళ్లినంత మాత్రాన అది ట్రిప్పు కాదు. తిరిగొచ్చి మేకుకి తగులుకుంటేనే గీత. వచ్చిన ప్రతి కవర్నీ కడగాలి, తిరగేసి తుడవాలి, నోరు బాగా తెరిచి రెండు క్లిప్పులతో తీగకు తగిలించాలి. నోరు మూసి ఆరేస్తే లోపల చెమ్మ నిలిచి వాసన పట్టేస్తుంది. చిల్లి పడితే రెండు కాగితాల మధ్య పెట్టి పైన ఇస్త్రీపెట్టె ఆనించి అతుకు వేయాలి. లాండ్రీలో పనిచేసే అమ్మకి అది వెన్నతో పెట్టిన విద్య. కడగడం, ఆరేయడం మనవరాలి పని.

మనవరాలు నోట్లో నాలుక లేని పిల్ల. బడిలో హాజరు పిలిచినప్పుడు ఆమె పలికితే పక్కన కూర్చున్నవాళ్లకి కూడా వినబడేది కాదు. అలా వెళ్లి కూడా వెళ్లనట్టు లెక్కలోకి వచ్చిన రోజులు ఏడాదికి నాలుగైదు ఉండేవి. ఎవరితోనైనా మాట్లాడాలంటే ముందు వాక్యమంతా మనసులో కూర్చుకునేది. కూర్చుకునేలోపు ఎదుటివాళ్లు వెళ్లిపోయేవారు. తాతయ్య దగ్గర మాత్రం ఆ ఇబ్బంది లేదు. చిల్లర కోసం కొంగుముడి విప్పుకునే ముసలామె పక్కన నిలబడ్డట్టు ఆయన తొందర లేకుండా నిలబడేవాడు. "కానీ హాఫ్ టికెట్, నీ స్టాపు వచ్చేదాకా బండి ఆపుతా," అనేవాడు. ఆ పేరు ఆమెకు మూడో ఏట పెట్టాడు. ఇప్పుడు పద్నాలుగు దాటి ఫుల్ టికెట్ వయసు వచ్చినా మార్చలేదు.

పదిహేడింటిలో ఏడో నంబర్ దారే వేరు. నీలం రంగు, బట్టల కొట్టువాళ్లు ఇచ్చింది, దళసరిగా ఉండేది. కడిగి కడిగి కొట్టు పేరు చెరిగిపోయింది. చేత్తో పట్టుకునే ఎడమ చెవి కింద వేలెడంత అతుకు. పాత గుడ్డలా మెత్తబడిపోయి నలిపినా చప్పుడు చేసేది కాదు. మిగతావన్నీ ముప్పై, నలభై గీతల దగ్గర కునుకుతుంటే అది తొంభై ఎనిమిదికి చేరింది. నూరు పూర్తయిన రోజున దాన్ని రిటైర్ చేస్తానని తాతయ్య వీధంతా చెప్పుకున్నాడు. ఆయన సొంత రిటైర్మెంట్ రోజున డిపోలో సమ్మె. ఒక్క మనిషి లేడు. టికెట్ల సంచీ కిటికీలోంచి లోపలికి జారవిడిచి, ముప్పై రెండేళ్లు తను ఆపిన స్టాపులన్నీ దాటుకుంటూ ఇంటికి నడిచొచ్చాడు. "దీన్నైనా మర్యాదగా దింపుదాం. అందరం నిలబడి చూద్దాం," అనేవాడు. మనవరాలు అప్పుడే మేకు పక్కన అంటించడానికి ఒక కాగితం మీద రంగు పెన్సిళ్లతో '100' రాసి, పుస్తకంలో దాచిపెట్టుకుంది.

అంతలో ఆయన ఎడమ పాదం మీద చెప్పు కరిచింది.

చెప్పు కరవడం ఎవరికైనా ఉండేదే. కాని ఆయనకు షుగరు. కాలికి స్పర్శ తెలియడం మానేసి చాలా రోజులైనట్టుంది, ఎవరికీ చెప్పలేదు. అమ్మ చూసేసరికి చిటికెన వేలు నల్లబడి పోయింది. వాసన తెలియకూడదని ఆయన పాదానికి గుడ్డ చుట్టుకుని, దాని మీద మేజోడు తొడుక్కుని తిరుగుతున్నాడు. అమ్మ మేజోడు చేతిలో పట్టుకుని గుమ్మంలో కూలబడింది.

పెద్దాసుపత్రిలో డాక్టరు పాదాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, వేలు ఒక్కటీ తీస్తే ఆగదని, మోకాలి కింద నుంచి తీసేయాలని చెప్పాడు. ఇంటికొచ్చి, ఆసుపత్రిలో చేరడానికి బట్టలు సర్దుతుంటే తాతయ్య, అమ్మ తీసిన బ్యాగుని పక్కకు నెట్టి, ఏడో నంబర్ తెమ్మన్నాడు. రెండు పంచెలు, తువ్వాలు, దువ్వెన, కళ్లజోడు పెట్టె అందులో పెట్టించుకున్నాడు.

"తొంభై తొమ్మిదోది ఇదే," అన్నాడు మనవరాలితో. "నేనొచ్చేటప్పుడు నాతో వస్తుంది. నూరోది కూరగాయలకి నేనే తీసుకెళ్తా. నువ్వు దీన్ని పారేసుకోకుండా తీసుకురావాలి. బాధ్యత నీది."

ఆమె తలూపింది. కూరగాయలకి ఏ కాలితో వెళ్తావని ఎవరూ అడగలేదు.

వార్డులో పగలంతా ఆమే ఉండేది. అమ్మకి లాండ్రీలో సెలవు దొరకలేదు. నాన్న ఒప్పుకున్న ఇంటి రంగుల పని సగంలో ఉంది. పన్నెండు మంచాల గది. ఆకుపచ్చ తెరలు, గోడ వెంబడి చక్రాల బల్ల, మూలన చేతులు కడుక్కునే తొట్టి. పక్క మంచం మీద వడ్రంగి ఒకాయన ఉండేవాడు. చేతికి కట్టు. ఆయనకు తాతయ్యతో ఒక్క పూటలో స్నేహం కుదిరింది. తలుపు వెనక పదిహేడు మేకుల సంగతి విని, మేకులు ఏ కొలతవి వాడారు, అంత తేలిక సరుక్కి అంత పెద్ద మేకులేంటని ఒకటే ఎగతాళి. కవర్లు మోయడానికి కాదయ్యా, నా పట్టుదల మోయడానికి అని తాతయ్య జవాబు. మనవరాలు స్టూలు మీద కూర్చుని నవ్వుకునేది. ఆసుపత్రి గోడలు కాస్త వెనక్కి జరిగినట్టు ఉండేది.

మూడో రోజు మధ్యాహ్నం ఆపరేషన్. ఆ పొద్దున ఆమె ఇంటి నుంచి తెచ్చుకున్న ఫ్లాస్కు మూత సరిగ్గా బిగుసుకోక, టీ ఒలికి ఏడో నంబర్ లోపలంతా జిగటయింది. బట్టలు అప్పటికే అలమారలో సర్దింది కాబట్టి నష్టమేమీ లేదు. ఆమె కవర్ని తొట్టి దగ్గర రెండుసార్లు కడిగింది. తిరగేసి తుడిచింది. ఆరేయడానికి తీగ లేదు. మంచం కాళ్ల వైపు ఇనప కమ్మీ ఉంది. జడకున్న రెండు క్లిప్పులు తీసి, ఇంట్లో చేసినట్టే, నోరు బాగా తెరిచి కమ్మీకి తగిలించింది. గాలి తగలాలని ఇంకాస్త వెడల్పు చేసింది కూడా.

అప్పుడే డాక్టరు వచ్చాడు. కట్టు విప్పించి చూసి, జేబులోంచి నల్ల పెన్ను తీసి, తాతయ్య మోకాలికి జానెడు కింద చుట్టూ ఒక గీత గీశాడు. అచ్చం ఇంట్లో ఉన్నదానిలాంటి పెన్నే.

"నాకూ గీత పడింది హాఫ్ టికెట్," అన్నాడు తాతయ్య. వడ్రంగి నవ్వబోయి మానేశాడు.

డాక్టరు వెళ్లాక, పొడుగ్గా ఉండే సిస్టర్ కొత్త గుడ్డ చుట్టడానికి వంగింది. విప్పిన పాత కట్టు, తడిసిన దూది ఆమె చేతిలో ఉన్నాయి. చక్రాల బల్ల కింది డబ్బా అందనంత దూరంలో ఉంది. ఆమె ఇటు తిరిగింది. చేతికి అందేంత దగ్గర్లో, నోరు బార్లా తెరుచుకుని, శుభ్రంగా ఒక కవర్ వేలాడుతోంది. సిస్టర్ ఆ గుడ్డలన్నీ అందులో వేసేసింది. వేసి, మనవరాలి వైపు చూసి మెచ్చుకోలుగా తలూపింది. "మంచి పని చేశావమ్మా, కవర్ కట్టి పెట్టావు. పెద్దవాళ్లకే తోచదు," అంది.

ఆ పిల్లను జీవితంలో అంతమందిలో ఎవరైనా మెచ్చుకోవడం అదే మొదటిసారి.

మనసులో వాక్యం మొదలైంది. 'సిస్టర్, అది మా తాతయ్య కవర్...' అక్కడి దాకా వచ్చింది. 'చెత్తకి కాదు' అని చేర్చాలి. చేర్చేలోపు సిస్టర్ ఇంకో పిడికెడు దూది వేసింది. పసుపూ ఎరుపూ కలిసిన మరక నీలం మీద పైనుంచి కిందికి జారింది. తాతయ్య కళ్లు గట్టిగా మూసుకుని, పళ్లు బిగపట్టి ఉన్నాడు. ఆయన చూడలేదు. ఆమె నోరు తెరిచింది. గొంతులోంచి గాలి మాత్రం వచ్చింది. సిస్టర్ తరవాతి మంచానికి వెళ్లిపోయింది.

వెంటనే తీసేసి కడుగుదామనుకుంది. కాని లోపల ఉన్నదాన్ని ఎక్కడ వెయ్యాలో, ఎవరిని అడగాలో తెలియలేదు. అడగడానికి వాక్యం కూర్చుకుంటూ ఉండగానే ఆయా వచ్చింది. చేతికి రబ్బరు తొడుగులు, ముందు పసుపు డబ్బా ఉన్న తోపుడు బండి. ఒక్కో మంచం దగ్గరా ఆగి చెత్త ఎత్తుకుంటూ వస్తోంది. వీళ్ల మంచం దగ్గర ఆగి క్లిప్పులు రెండూ పీకి మంచం మీద పెట్టింది. ఏడో నంబర్ చెవులు రెండూ కలిపి ముడేసి డబ్బాలో పడేసింది. ముడేసేటప్పుడు కూడా అది చప్పుడు చేయలేదు.

ఆమె బండి వెనకాలే నడిచింది. గదిలోంచి వసారాలోకి, వసారాలోంచి మెట్ల కింద ఉన్న ఇనప తలుపు దాకా. అడుగడుక్కీ ఇప్పుడు చెబుతా, ఇప్పుడు చెబుతా అనుకుంటూనే ఉంది. ఆయా తాళం తీస్తూ వెనక్కి తిరిగి, ఏం కావాలి పాపా, తప్పిపోయావా అని అడిగింది. అప్పుడు వచ్చింది మాట. లెక్కపెట్టి ఆరు మాటలు.

"ఆ నీలం కవర్ మాది. తిరిగి ఇవ్వండి."

ఆయాకి వినబడలేదు. మళ్లీ చెప్పమంది. ఆమె మళ్లీ చెప్పింది, ఈసారి వసారా చివర కూర్చున్నవాళ్లు కూడా తలలు తిప్పేంత గట్టిగా. ఆయా డబ్బాలోకి, పిల్ల ముఖంలోకి మార్చి మార్చి చూసింది. కోప్పడలేదు. తొడుగులు ఉన్న చేతులు వెనక్కి పెట్టుకుని మోచేత్తో ఆమె భుజాన్ని మెల్లగా తట్టింది.

"రక్తం గుడ్డ పడ్డాక అది మీదీ కాదు, నాదీ కాదు తల్లీ. ఈ పసుపు డబ్బాలోంచి ఏదైనా పైకి తీస్తే నా ఉద్యోగం పోతుంది. అందులో ఏమైనా దాచావా? డబ్బులా, గొలుసా?"

ఏమీ లేదన్నట్టు ఆమె తల అడ్డంగా ఊపింది. మరి ఉత్త కవర్ కోసమా అని ఆయా ఆశ్చర్యపోయింది. ఇది ఎక్కడికి వెళ్తుందని ఆమె అడిగింది. సాయంత్రం బండి వస్తుందని, వార్డుల్లోవీ ఆపరేషన్ గదిలోంచి వచ్చేవీ అన్నీ కలిపి ఎత్తుకుపోయి కాల్చేస్తారని ఆయా చెప్పింది. చెప్పి, పిల్ల కళ్లు చూసి జాలిపడి, లోపలి గదిలోంచి కొత్త తెల్ల కవర్లు మూడు తెచ్చి చేతిలో పెట్టింది. "ఏడవకు. నీకు ఎన్ని కావాలంటే అన్ని నేనిస్తా," అంది.

పదిహేడు కవర్ల ఇంటి నుంచి వచ్చిన పిల్ల మూడు కొత్త కవర్లు పట్టుకుని మెట్ల కింద నిలబడింది. అవి గాలికే గరగరమంటున్నాయి.

వార్డుకి తిరిగొచ్చేసరికి తాతయ్యకి ఆకుపచ్చ గౌను తొడుగుతున్నారు. ఆయన కళ్లు కమ్మీ మీదికి వెళ్లాయి.

"ఏడో నంబర్ ఏది?"

ఆమెకు వాక్యం కూర్చుకోవాల్సిన పని లేకపోయింది. అబద్ధం తనంతట తనే సిద్ధంగా వచ్చి నిలబడింది. "అమ్మ ఇంటికి తీసుకెళ్లింది తాతయ్యా."

"అప్పుడేనా? సరే, మంచిదే. అయితే తొంభై తొమ్మిది పడిపోయింది." ఆయన ముఖం నిజంగా తేలికపడింది. "షీట్లో గీత పెట్టడం మర్చిపోకు." బండి కదిలాక, తలుపు దగ్గర చెయ్యెత్తి, తోసేవాళ్లకి చెప్పాడు: "రైట్, రైట్."

ఆ సాయంత్రం వార్డు కిటికీలోంచి ఆమె చూసింది. ఆవరణలోకి మూత ఉన్న చిన్న లారీ వచ్చింది. ఇద్దరు మనుషులు పసుపు సంచులు ఒక్కొక్కటే ఎత్తి లోపలికి విసిరారు. చాలానే ఉన్నాయి. ఏ సంచిలో ఏముందో పైనుంచి తెలియదు. లారీ వెనక తలుపు రెండుసార్లు వేస్తే గాని పడలేదు.

లాండ్రీ నుంచి నేరుగా వచ్చిన అమ్మకి ఆ రోజే అంతా చెప్పేసింది. అమ్మ మొదట సంగతి ఏంటో అర్థం కానట్టు చూసింది. తరవాత కూతుర్ని దగ్గరికి లాక్కుని, ఇప్పుడు చెప్పొద్దు, ఒకే రోజు రెండు పోయాయంటే ఆ మనిషి తట్టుకోడు, కాస్త తేరుకోనీ అంది. రేపు చెబుదాం అన్నది ఎల్లుండి అయింది. ఇంటికెళ్లాక అయింది.

తాతయ్యేమో రోజూ ఏడో నంబర్ సంగతి అడిగేవాడు. నూరోది ఎలా చేద్దామని వడ్రంగితో ఆలోచనలు సాగేవి. వడ్రంగి తన చెయ్యి బాగుపడగానే చంక కర్ర చేసిపెడతానని, దానికి ఏడో నంబర్ తగిలించుకోవడానికి ఒక కొక్కెం కూడా పెడతానని మాటిచ్చాడు. ఎన్ని అంగుళాల కొక్కెం అని ఇద్దరూ ఒక పూటంతా వాదించుకున్నారు. ఆమె స్టూలు మీద కూర్చుని వినేది. నవ్వు వచ్చేది కాదు. మాటలు మామూలుగానే రావు, ఇప్పుడు అసలే రావడం మానేశాయి. ఆయన ఎప్పటిలాగే ఆగి ఎదురు చూసేవాడు. ఆ ఎదురుచూపు ఇదివరకు నీడలా ఉండేది. ఇప్పుడు ఎండలా ఉంది.

తాతయ్యని ఇంటికి పంపించే ముందు రోజు ఆమె ఒంటరిగా బట్టల కొట్టుకి వెళ్లింది. కొట్టాయన ఏం కావాలి పాపా అని నాలుగుసార్లు అడిగాడు. ఐదోసారి ఆమె నీలం కవర్ అంది. ఏం కొన్నావు అన్నాడు. ఏమీ లేదు అంది. ఆయన కొలబద్ద కింద పెట్టి నవ్వాడు. అందరూ ఇప్పుడు కవర్ వద్దు బాబోయ్ అని ఇంటి నుంచి సంచులు తెచ్చుకుంటున్నారని, మేమూ కాగితం వాటికి మారిపోయామని, పోయి పోయి నువ్వేంటి ఉత్త కవర్ అడుగుతున్నావని అన్నాడు. అయినా లోపలికి వెళ్లి, గుండీల పెట్టెల కింద పరిచిన పాత కట్టలోంచి ఒకటి లాగి ఇచ్చాడు. అదే నీలం, అదే దళసరి. ఆమె దాన్ని బడి సంచిలో అడుగున పెట్టుకుని గడప దాటించింది. ఆ ఇంట్లోకి దొంగతనంగా వచ్చిన మొదటి కవర్ అది.

పెరట్లో కూర్చుని దాన్ని పిసికింది, నలిపింది, బూడిదతో రుద్దింది. కొట్టు పేరు పోయేదాకా గోటితో గీకింది. అమ్మ చూసి, ఎడమ చెవి కింద చిన్న చిల్లి చేసి, ఇస్త్రీపెట్టె ఆనించి అతుకు వేసి ఇచ్చింది. ఆమె నల్ల పెన్నుతో 7 రాసింది. షీట్లో తొంభై తొమ్మిదో గీత పెట్టింది. ఆ గీత కొంచెం వంకర పోయింది.

మర్నాడు నాన్న తాతయ్యని వీపు మీద ఎక్కించుకుని గడప దాటించాడు. "టికెట్ తీసుకున్నావా మామయ్యా," అన్నాడు, ఎప్పటి బాకీనో తీర్చుకుంటున్నట్టు. తాతయ్య నవ్వి, హాఫ్ టికెట్ చాలేమోరా, మనిషినే తగ్గాను కదా అన్నాడు. నాన్న ఆయన్ని జాగ్రత్తగా మంచం మీద దింపి, దుప్పటి కప్పాడు. దుప్పటి ఒక వైపు పాదం దాకా ఎత్తుగా ఉంది, రెండో వైపు సగంలోనే పరుపుకి అంటుకుపోయింది.

తాతయ్య నీళ్లు కూడా తాగలేదు. షీటు, ఏడో నంబర్ రెండూ తెమ్మన్నాడు.

ఆమె మేకు మీది నుంచి తీసుకొచ్చి ఇచ్చింది. ఆయన ముందు షీటు చూశాడు. వంకర గీతను చూశాడు. తరవాత కవర్ని అందుకున్నాడు. అందుకోగానే అది గరగరమంది. ఆయన చెయ్యి ఆగింది. కదలకుండా పట్టుకుని, తన చెవి దగ్గర పెట్టుకుని మళ్లీ ఒకసారి నలిపాడు. గరగర. బొటనవేలితో అతుకు తడిమాడు. కండక్టరుగా ఉన్నప్పుడు, కాలం చెల్లిన పాసుల్ని కూడా ఆ బొటనవేలు పట్టేసేదని చెప్పుకునేవారు.

"ఏడో నంబర్ మాట్లాడ్డం మానేసి ఏడాది దాటింది," అన్నాడు. "ఇదెవరు?"

అమ్మ వంటగది గుమ్మంలో నిలబడిపోయింది. నాన్న తువ్వాలు దులుపుకుంటూ బయటికి వెళ్లిపోయాడు. తాతయ్య పిల్ల వైపు చూడలేదు, కవర్ వైపే చూస్తూ ఎదురు చూశాడు. టికెట్ లేనివాళ్లు తమంతట తామే ఒప్పుకునేదాకా ఆగుతాడని ఆయనకు పేరు. ఆమె చెప్పింది. ఒలికిన టీ, జడ క్లిప్పులు, నోరు తెరిచి ఆరేయడం, సిస్టర్ మెచ్చుకోలు, పసుపు డబ్బా. ముక్కలు ముక్కలుగా వచ్చింది. ఆయన మధ్యలో ఒక్క మాట కూడా అందించలేదు.

"నన్ను కోసిన రోజేనా?" అన్నాడు అంతా అయ్యాక.

"ఊఁ."

"ఆపరేషన్ గదిలోవి కూడా ఆ డబ్బాల్లోకేనా?"

"ఆయమ్మ అలాగే చెప్పింది తాతయ్యా."

"బండి ఎన్నింటికి?"

"అయిదింటికి. నేను చూశాను."

ఆయన పెదాలు కదిపి లెక్క వేసుకున్నాడు. ఏ బస్సు దిగితే ఏ బస్సు అందుతుందో చెప్పేటప్పుడు అలాగే వేసుకునేవాడు.

"అయితే రెండూ ఒకే బండి ఎక్కాయి," అన్నాడు.

తరవాత పెన్ను అడిగి తీసుకుని, తొంభై తొమ్మిదో గీతని కొట్టేశాడు. పక్కన 'రాలేదు' అని రాశాడు. తిట్టలేదు. ఒక్క తిట్టు తిట్టినా ఆమెకు బాగుండేది. కొత్త నీలం కవర్ని తిరిగి ఆమె చేతికిచ్చి, ఎలాగూ ఎక్కేసింది కదా, దింపడానికి ఇక్కడ స్టాపు లేదు, ఆ ఏడు చెరిపేసి పద్దెనిమిది అని రాయి, అన్నాడు. ఇవాళ ఆయన బట్టలతో పాటు వచ్చిన ఆసుపత్రి కవర్లు మూడూ ఉన్నాయని ఆమె ఏడుస్తూ చెప్పింది. పంతొమ్మిది, ఇరవై, ఇరవై ఒకటి అన్నాడాయన గోడ వైపు తిరుగుతూ.

ఆమె పెరట్లోకి వెళ్లి గుడ్డకి కిరసనాయిలు అద్ది ఏడుని రుద్దింది. నలుపు పలచబడింది గాని పోలేదు. ఇంకా రుద్దింది. నీలమే తెల్లబడడం మొదలుపెట్టింది, ఏడు మాత్రం అలాగే ఉంది.

లోపలి నుంచి ఆయన పిలిచాడు. కవర్ని తీగకు తగిలించి వెళ్లేసరికి ఆయన మంచం మీద నుంచి వంగి, గుమ్మం పక్క చూపిస్తున్నాడు. ఆసుపత్రికి వెళ్లే రోజు విడిచిన ఆయన చెప్పుల జత అక్కడే ఉంది. ఎవరికీ తీయాలని తోచలేదు. ఎడమదాన్ని ఆమె తెచ్చి చేతికిచ్చింది. ఆయన దాన్ని తిరగేసి చూశాడు. పట్టీ కింద, వేలిని కరిచిన చోట తోలు కొద్దిగా పైకి లేచి ఉంది. మిగతాదంతా బాగానే ఉంది. అడుగు కూడా అరగలేదు.

ఆ ఇంట్లో చిరిగిన కవర్ పీలికలు జడలల్లి కాళ్లు తుడుచుకునే పట్టా అయ్యాయి. పగిలిన బకెట్టు మొక్కకి కుండీ అయింది. దేనికైనా ఇంకో పని చూపించకుండా ఆయన ఎప్పుడూ వదల్లేదు.

"దీన్నేం చేద్దాం హాఫ్ టికెట్?" అన్నాడు.

ఆయన నిజంగానే అడుగుతున్నాడు. ఆమె చెప్పుని అందుకుని మనసులో వాక్యం కూర్చుకోవడం మొదలుపెట్టింది. ఆయన ఎదురు చూశాడు. పెరట్లో తీగ మీద, ఏడు చెరగని కవర్ గాలికి గరగరమంటూనే ఉంది.